గుమ్మం ముందు జట్కా

ఆ ఉదయం బాలసరస్వతి అనుకున్నది ఒక్కటే. భర్త ఆఫీసుకు వెళ్లగానే గుర్రానికి కాళ్లు వేసెయ్యాలి.

చంద్రశేఖరానికి విజయనగరం నుంచి శ్రీకాకుళం బదిలీ అయిన దగ్గర నుంచీ ఆమెకు పొద్దుపోవడం లేదు. వీధిలో గుమ్మాలన్నీ తెలుసు గానీ మనుషులు తెలియరు. పలకరిద్దామంటే బిడియం. అందుకే బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. గురువు లేడు. పాత పుస్తకాల కొట్లో తమ్ముడు కొనిచ్చిన రంగుల అచ్చుబొమ్మే గురువు. అది ఎప్పటిదో సీమ చిత్రం. ఆకాశమంతా ఉరిమే మబ్బులు, బురద దారిలో బండి లాగుతున్న గుర్రం, బండిలో టోపీ పెట్టుకున్న దొరసాని. చూసి వేస్తుంటే మబ్బులు కుదిరాయి, చక్రాలు కుదిరాయి. గుర్రం దగ్గరే చిక్కొచ్చింది. అసలు చిత్రకారుడు దాని మోకాళ్ల కింద పొగమంచు కప్పేసి తప్పించుకున్నాడు. ఆమెకు మంచు వెయ్యడం ఇంకా రాదు.

చంద్రశేఖరం చెప్పులు తొడుక్కుంటూ తొంగిచూసి, "ఇదేమిటి సరసూ, గేదెలా ఉందీ!" అన్నాడు.

ఆమె బదులు పలకలేదు. నోట్లో కుంచె ఉంది మరి. కోపం వచ్చిందనుకుని ఆయన గబగబా వీధిలోకి జారుకున్నాడు.

కాళ్లు తెలియాలంటే గుర్రాన్నే చూడాలి. రిక్షాలొచ్చాక బేరాలు తగ్గి సందు చివర కునుకుతున్న జట్కా గంగుల్ని ఆమె కేకేసింది.

"గంగులూ, బండి మా గుమ్మం ముందు కాసేపు నిలబెడతావా?"

"ఎక్కడికెల్లాలమ్మగోరూ?"

"ఎక్కడికీ వద్దు. నిలబడితే చాలు."

బండి నిలబడింది. ఆమె కిటికీ వెనక కూర్చుని కుంచె పట్టింది. టర్పెంటైను ఘాటుకు కళ్లమ్మట నీళ్లు కారుతుంటే పమిటతో తుడుచుకుంటోంది.

ఎదురింటి దాలమ్మ బయటికొచ్చింది. "ఏట్రా గంగులూ, ఎవులెల్తన్నారు?"

"ఏటో, సెప్పనేదు. అమ్మగోరు గుర్రాన్ని సూసి కళ్లు తుడుసుకుంతన్నారు."

పొద్దుటి గేదె మాట దాలమ్మ చెవిన పడనే పడింది. "ఓలమ్మో! పెళ్లాన్ని గేదె అన్నాడు మరి! అలిగి కన్నోరింటికెల్లిపోతన్నాది!"

పక్కింటి కూర్మమ్మ అది విని, కబురు చెప్పమని మొగుణ్ణి సైకిలు మీద ఆఫీసుకు తరిమింది. ఆ కబురు ఆఫీసు చేరేసరికి అందులో బాలసరస్వతి ట్రంకుపెట్టె కూడా బండికెక్కిపోయింది.

ఈలోగా దాలమ్మ జట్కా ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అది చూసి బాలసరస్వతికి ప్రాణం లేచొచ్చింది. దొరసాని చోట్లో కూర్చోడానికి పెద్దావిడ తనంతట తానే వచ్చింది!

"అలాగే ఉండండి! కదలకండి!"

"కదల్ను! పేనం పోయినా కదల్ను!"

"కొంచెం నవ్వండి."

"నువ్వెల్లనని సెప్పు, నవ్వుతాను."

ఈ ముక్క బాలసరస్వతికి బోధపడలేదు. ఇంతలో కూర్మమ్మ వచ్చి గుర్రం కళ్లెం గట్టిగా పట్టుకుంది. గుర్రం బొమ్మలా నిలబడింది. ఎంత మేలు చేసింది మహాతల్లి అని బాలసరస్వతి కిటికీలోంచి చేతులెత్తి దణ్ణం పెట్టింది. అది వీడ్కోలు దణ్ణమనుకుని కూర్మమ్మ భోరుమంది.

కూర్మమ్మ మొగుడి సైకిలు వెనక సీటు మీంచి చంద్రశేఖరం దూకాడు. ఒక కాలికే చెప్పుంది.

"సరసూ! గేదె కాదే! అది పంచకళ్యాణి!"

ఆమె కుంచె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇంకా రెండు కాళ్లే అయ్యాయండీ. నాలుగు కాళ్లూ తెల్లగా రాకుండానే పంచకళ్యాణి ఎలా అయింది?"

అందరూ కుంచె వైపు చూశారు. లోపలి బొమ్మ వైపు చూశారు.

"అయితే నువ్వు కన్నోరింటికెల్లట్లేదేటి?" అంది దాలమ్మ.

బాలసరస్వతికి అప్పుడు తెలిసింది. ఈసారి టర్పెంటైను లేకుండానే కళ్లు నిండాయి. "ఇంతమందీ నన్ను ఆపడానికొచ్చారా? ఈ ఊళ్లో నాకెవరూ లేరనుకున్నానండీ."

"నేకపోడమేటి! రోజూ నీ పోపు వాసనకే మా ముసిలోడు రెండు ముద్దలెక్కువ తింతన్నాడు. రా, ఎలాగూ ఎక్కేను కదా, ఊరికే దిగడమెందుకు? నాగావళి ఒడ్డున మా తోట ఉన్నాది, సూసొద్దాం. కూర్మీ, నువ్వూ ఎక్కు."

భార్య వెళ్లకుండా ఆపాలని ఆఫీసు వదిలి వచ్చిన చంద్రశేఖరం, తనే చెయ్యందించి ఆమెను బండి ఎక్కించాడు. ఆ ఇద్దరాడవాళ్ల మధ్య ఆమె నవ్వుతుంటే ఆయన మనసు కుదుటపడింది. గంగులు గుర్రాన్ని అదిలించాడు.

మధ్యాహ్నం భోజనం మాట మాత్రం, బండి మలుపు తిరిగాక గానీ ఆయనకు గుర్తు రాలేదు.