అరవై మూడు పిన్నులు

ఆ ఆదివారం పొద్దున ఆరీఫా వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడున్నరకు సోమందేపల్లె హైవే పక్కనున్న కల్యాణ మంటపానికి పోవాలి. ఎనిమిదిన్నర లోపు పెళ్ళికూతురికీ, ఆమె తరఫు నలుగురు ఆడవాళ్ళకూ పట్టుచీరలు కట్టాలి. ఆ తర్వాత తీరిగ్గా కూర్చొని ఉగ్గాని బజ్జీ తినాలి. చీరలకు ముందురోజే కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, మడత కదలకుండా పిన్నులు గుచ్చి, అట్టపెట్టెల్లో సర్ది పంపించేసింది కాబట్టి ఇక మిగిలింది ఒంటికి చుట్టడమే. "ఒక్క నిమిషంలో పట్టుచీర" అని వాట్సాప్‌లో పోస్టరు కూడా పెట్టుకుంది. నిజానికి నిమిషం కూడా ఎక్కువేనని వాళ్ళమ్మ మేరాజ్ బీతో అంది.

"గొప్పలు తర్వాత చెప్పుకుందువు గానీ, ముందు పోయి పని ముగించుకొని రా," అంది మేరాజ్ బీ.

ఆమె భయం ఊరికే కాదు. మూడు నెలల కింద ఆరీఫా గార్మెంట్ ఫ్యాక్టరీ పని మానేసి ఈ చీరల పని పెట్టుకుంది. ఇంతవరకూ వచ్చినవన్నీ సీమంతాలు, గృహప్రవేశాలు, ఒకటీ అరా చీరలు. పెళ్ళి అంటూ చేతికి రావడం ఇదే మొదలు. ఇది బాగా జరిగిందా, మంటపానికొచ్చిన ఆడవాళ్ళంతా గిరాకీలే. చెడిందా, మళ్ళీ ఫ్యాక్టరీ బస్సెక్కాల్సిందే.

ఇంకో చిన్న సంగతి ఉంది, అది ఆరీఫాకు తప్ప ఎవరికీ తెలియదు. బల్ల మీద పరిస్తే ఎంత మొండి పట్టయినా ఆమె చేతుల్లో మాట వింటుంది. కానీ మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఉత్త చీర చేతికిచ్చి కట్టమంటే ఆమెకు రాదు. బుద్ధెరిగిన నాటి నుంచి వేసుకున్నది చుడీదారే మరి.

పెళ్ళికూతురు మహేశ్వరి గదిలో తువ్వాలు కప్పుకొని కూర్చొని ఉంది. పక్కనే ఆమె అవ్వ హనుమక్క. ఆ ముసలమ్మకు డెబ్బై ఏళ్ళుంటే, అందులో యాభై పట్టు మగ్గం మీదే గడిచాయి. ఆమె ముందు అయిదు అట్టపెట్టెలూ వరుసగా ఉన్నాయి.

"రా పాపా. నీ పెట్టెలన్నీ సరిచేసి పెట్టినా, చూడు," అంది మురిసిపోతూ.

ఆరీఫా మూత తీసింది. చీర ఉంది. అంగట్లో బీరువాలో పెట్టే మాదిరి నలుచదరంగా, అంచుకు అంచు తాకేట్టు మడిచి ఉంది. కుచ్చిళ్ళు లేవు, పైట మడతలు లేవు. గబగబా మిగతా పెట్టెలు కూడా తీసింది. అన్నీ అంతే.

"అవ్వా... పిన్నులు ఏమాయ?"

"పీకేసినా! ఎవుడో పాపాత్ముడు పట్టుకు సూదులు పొడిచినాడే! ఒకటి గాదు, రెండు గాదు, అరవై మూడు. ఒక్కొక్కటి పీకతాంటే నా పాణం పోయింది. పోగు తెగితే ఎవురు అతకల్ల? తెల్లారుతూనే లేసి, చేత్తో సాపు చేసి, పద్ధతిగా మడిచినా. ఒక్క గీత కనపడితే అడుగు."

నిజంగానే ఒక్క గీతా లేదు. ఆరీఫా ఏడు గంటలు ఇస్త్రీపెట్టె పట్టుకొని తెచ్చిన గీతలన్నీ చదునైపోయాయి. ఆ పాపాత్ముడు తానే.

"ఎంత పని చేసినావే అవ్వా! ఆ గీతల కోసమే గదే ఆయక్కను పిలిపించింది!" అని మహేశ్వరి ఏడుపు మొదలుపెట్టింది. హనుమక్క ముఖం చిన్నబోయింది.

"పోనీ ఆ పిన్నులన్నా ఇయ్యవ్వా," అంది ఆరీఫా.

"స్టేజీ కట్టేటోళ్ళకు ఇచ్చేసినా. గుడ్డ నిలవలేదంటాంటే, ఊరికే పారేసేది ఎందుకులే అని."

గుమ్మంలో నిలబడి వింటున్న పెళ్ళికూతురి తండ్రి శివప్ప మంచి మనిషే గానీ, తొందర మనిషి. "పిన్నులే గదమ్మా, ఇప్పుడే తెస్తా!" అని పరుగెత్తాడు. అంగట్లో కొత్తవి కొనుక్కురమ్మని ఆరీఫా అనే లోపలే స్టేజీ ఎక్కేశాడు.

స్టేజీ వెనక ఎర్ర వెల్వెట్ గుడ్డ, దాని మీద థర్మాకోల్ అక్షరాల్లో జంట పేర్లు. శివప్ప కుర్చీ వేసుకొని ఒక్కో పిన్నూ పీకి జేబులో వేసుకున్నాడు. ఏడో పిన్ను దాకా గుడ్డ మర్యాదగానే ఉంది. ఎనిమిదోది పీకగానే మొత్తానికి మొత్తం జారి, కింద కలశం సర్దుకుంటున్న పంతులు మీద పడింది.

మగపెళ్ళివారు అప్పుడే టిఫిన్లు ముగించి కుర్చీల్లో కూర్చుంటున్నారు. వాళ్ళకు కనపడింది ఒకటే, పెళ్ళికూతురి తండ్రి స్వయంగా స్టేజీ పీకేస్తున్నాడు. మొదటి వరుసలో వాళ్ళు శివప్పకు కోపం వచ్చిందన్నారు. మూడో వరుసలో వాళ్ళు పెళ్ళికూతురు తలుపేసుకొని ఏడుస్తోందన్నారు. మాట వంటల దగ్గరికి చేరేసరికి పెళ్ళికూతురు బెంగళూరు బస్సెక్కి చిక్కబళ్ళాపురం కూడా దాటేసింది. వంటాయన సాంబారు కింద మంట తగ్గించాడు.

శివప్ప కిటికీలోంచి ఎనిమిది పిన్నులు అందించి, చుట్టాలకు సర్దిచెప్పడానికి పోయాడు. ముహూర్తం తొమ్మిదీ నలభైకి. ఆరీఫా తలుపు గడియ వేసి, ముసలమ్మ ముందు కూలబడింది.

"అవ్వా, నిజం చెప్తా, తిట్టొద్దు. ఆ సూదులు పొడిచింది నేనే. అవి ల్యాకుంటే నాకు చీర కట్టేది రాదు."

"నిజంగా రాదా?"

"మడతలు పెట్టేది వచ్చవ్వా. చుట్టేది రాదు."

"చీరలు కట్టే పనికొచ్చి, చీర కట్టేది రాదంటావా!" హనుమక్క బుగ్గన చెయ్యి పెట్టుకొని, అంతలోనే పకపకా నవ్వింది. "నాకు చుట్టేది వచ్చు. ఫోన్లో చూపించే ఆ మడతలు నా వల్ల గాదు. నువ్వు మడత పెట్టు, నేను పట్టుకుంటా. నా చేతి యేళ్ళ కంటే గట్టి పిన్ను ఏ అంగట్లో అమ్ముతారే?"

పరుపు మీద చీర పరిచారు. ఆరీఫా మడత పెట్టడం, హనుమక్క వేళ్ళతో బిగించి పట్టడం, మహేశ్వరిని నిలబెట్టి ఇద్దరూ చెరోవైపు నుంచి చుట్టడం. యాభై ఏళ్ళు పోగులు పట్టిన వేళ్ళు అవి, ఒక్క కుచ్చి కూడా జారనివ్వలేదు. భుజం దగ్గరికి వచ్చేసరికి ఆరీఫా బతిమాలింది. "ఈడ ఒక్కటి పెట్టనీ అవ్వా."

"పొడుచుకో పో. నేను చూడను," అని ముసలమ్మ గోడవైపు తిరిగింది.

అద్దంలో చూసుకొని మహేశ్వరి ఏడుపు మానేసింది. ఇస్త్రీ మడతల కంటే ఈ మడతలే బాగున్నాయని ఆరీఫాకే అనిపించింది, సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఒకరి తర్వాత ఒకరు మిగతా నలుగురూ కూడా తయారయ్యారు. సరిగ్గా అప్పుడే తలుపు దబదబా మోగింది.

హనుమక్క కిటికీలోంచి తొంగిచూసి గుండె పట్టుకుంది. "అమ్మో, బీగురాలు! రెండు చేతులా కొంగు నడుముకు బిగించి వచ్చిందే! కొట్లాటే ఇంక!"

బీగురాలంటే పెళ్ళికొడుకు తల్లి సిద్దమ్మ. మనిషి నిలువెత్తు, గొంతు అంతకంటే ఎత్తు. వెనక శివప్ప "అక్కా, అక్కా, తప్పుగా అనుకోవద్దు," అంటూనే ఉన్నాడు. సిద్దమ్మ లోపలికొచ్చి, ఆయన ముఖం మీదే తలుపు వేయించింది. నడుము దగ్గరి పిడికిళ్ళు మాత్రం వదల్లేదు.

"చీరలు కట్టే పిల్ల ఎవురే?"

"నేనేనమ్మా," అంది ఆరీఫా. ఫ్యాక్టరీ బస్సు హారన్ చెవిలో మోగింది.

"బయట ఏమేమో అనుకుంటాండారు, అవన్నీ నాకెందుకు? కదిరి నుంచి వస్తానన్న పార్లరామె రాలేదు, ఫోనెత్తదు. గంట నుంచి ఈ చీర ఇట్లా పట్టుకొని గదిలో నిలబడినా. చేతులు వదిలితే మానం పోతాది. ఎట్లా బయటికి రావల్లబ్బా అని అల్లాడతాంటే, నా అదృష్టం, మీ గలాటా మొదలాయ. ఇదే సందని కోపంగా ఉన్నట్టు వచ్చేసినా. కట్టు తల్లీ. ఎవురికీ చెప్పద్దు."

అందరికంటే ముందు మహేశ్వరి కిసుక్కుమంది.

"నవ్వద్దు బిడ్డా, జారిపోతాది," అంది సిద్దమ్మ దీనంగా.

పావుగంటలో సిద్దమ్మ మహారాణి లాగా బయటికి నడిచి, కోడలి చెయ్యి పట్టుకొని అందరికీ వినబడేట్టు చెప్పింది. "గలాటా లేదు, ఏమీ లేదు. నా కోడల్ని నేనే దగ్గరుండి తయారు చేయించినా. ఆలస్యం యాడాయ? పంతులు గడియారమే ముందుకు పోతాండాది." గుడ్డ కింది నుంచి బయటపడినప్పటి నుంచి పంతులుకు వాదించే ఓపిక లేదు. మేళం మోగింది, తాళి పడింది, వంటాయన మంట పెంచాడు.

భోజనాల దగ్గర ఆడవాళ్ళు ఆరీఫా చుట్టూ మూగి, ఈ మడతలు ఎట్లా వచ్చాయని ఒకటే అడగడం. ఆరీఫా హనుమక్కను పక్కన కూర్చోబెట్టుకొని ఫోన్ నంబర్లు రాసుకుంది. సిద్దమ్మ అందరినీ తోసుకొని వచ్చింది.

"ముందు నా పేరు రాసుకో. వచ్చే మాఘంలో మా రెండోవాని పెండ్లి. అవ్వా నువ్వూ ఇద్దరూ రావల్ల, పెండ్లికూతురి కంటే ముందు నాకు కట్టల్ల."

ఆ రెండోవాడికి సంబంధం ఇంకా కుదరలేదు.