ఓబలప్పకు పడిన వన్స్‌మోర్

ఆ శనివారం ఓబలప్ప పెట్టుకున్నవి చిన్న చిన్న పనులే. పొద్దున తలకు రంగు, తర్వాత బ్యాండుతో రిహార్సలు, సాయంత్రం క్లబ్బు వార్షికోత్సవంలో పాట. ఇందులో కొంప ముంచే సంగతి ఏముందని ఎవరైనా అనుకుంటారు.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో ఓబలప్ప క్లబ్బు డాన్సులకు పాడేవాడు. బిగుతు ప్యాంటు, మెడలో గిటారు. పాపం, గొంతు మంచిదే. కానీ ఆయన పాట ఎప్పుడూ భోజనాలకు ముందు పడేది. రెండో చరణానికల్లా జనం లేచిపోయేవారు. నాటకాల్లో పద్యం తప్పినవాడికి కూడా "వన్స్‌మోర్" పడిందిగానీ, ఆయనకు మాత్రం జన్మలో పడలేదు. ఆ ముల్లు గుండెలో అలాగే ఉండిపోయింది. గని నుంచి రిటైరయ్యాక ఏకంగా రాక్ బ్యాండే పెట్టాడు. పెళ్ళిళ్ళలో డోలు కొట్టే ఆంజనప్పకు డ్రమ్ములు, రేడియోలు రిపేరు చేసే శ్రీరామప్పకు లావు తీగల గిటారు అప్పగించాడు.

"ఈ పొద్దు వన్స్‌మోర్ పడలేదంటే గిటారు అటకెక్కిస్తా. ఇంగ పాట ఊసెత్తను," అని భార్య వసంతమ్మ ముందు ఒట్టేశాడు.

"అటక మీద జాగా చేసి పెట్టినాను లే," అంది ఆమె.

మూతపడిన టూరింగ్ టాకీసు నుంచి శ్రీరామప్ప తెచ్చిన స్పీకరు డబ్బా బీరువా అంత ఉంది. ముందు గదిలో పట్టక వంటింటి గోడకు ఆనించారు. గని కార్మికుల లైను ఇళ్ళు కదా, మన గోడే పక్కింటికీ గోడ. అవతల వైపు మారమ్మ గిన్నెల అర ఉంది.

ఇంకా పాట మొదలు కాలేదు. తీగ బిగిసిందో లేదో చూద్దామని శ్రీరామప్ప ఒక్కసారి మీటాడు. గోడ అదిరింది. వసంతమ్మ గిన్నెలన్నీ దడదడా కిందపడ్డాయి. అవతల మారమ్మవీ పడ్డాయి.

ఆ ఊళ్ళో గిన్నెలు వాటంతట అవి పడితే అర్థం ఒక్కటే. కింద గనిలో బండ పేలిందన్నమాట. దాన్ని బరస్ట్ అంటారు. ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు, పొయ్యి మీది కూడు పొయ్యి మీదే వదిలి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తడమే. మారమ్మ భర్త హనుమంతప్ప పొద్దుటి షిఫ్టులో దిగి ఉన్నాడు. ఆమె చెప్పులైనా వేసుకోకుండా ఏడుస్తూ పరుగెత్తింది. ఆమె వెనుక లైనంతా పరుగెత్తింది. విడ్డూరం ఏమిటంటే, ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసిన ఓబలప్పకు కూడా అదే తోచింది.

"బరస్ట్ అయినాది రా! పదండి!" అంటూ మెడలో గిటారుతోనే ఉరికాడు.

షాఫ్టు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. టైమ్‌కీపరు దొడ్డమునియప్ప కిందికి ఫోను చేసి, "అందరూ బాగుండారంట తల్లీ, ఏమీ కాలేదంట," అన్నాడు.

"మీరెప్పుడు నిజం చెప్పినారప్పా? మావాళ్ళను పైకి తెప్పించు!" అని జనం మీదపడ్డారు. చేసేది లేక ఆయన షిఫ్టు మొత్తాన్ని పైకి రమ్మన్నాడు.

మారమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది. శ్రీరామప్ప మెల్లగా ఓబలప్ప చెవిలో అన్నాడు. "అన్నా, గిన్నెలు పడింది నేను తీగ మీటినప్పుడే కదా?"

ఓబలప్పకు అప్పుడు వెలిగింది. నోరు మూసుకుంటే సాయంత్రం పాట దక్కుతుంది. కానీ మారమ్మ ఏడుపు చూడలేక దగ్గరికి వెళ్ళాడు.

"ఏడవద్దమ్మా మారమ్మా. బరస్టూ లేదు, ఏమీ లేదు. అది మా బ్యాండు."

మారమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీ బ్యాండా? పోప్పా! నువ్వు పాడితే మా ఇంట్లో పిల్లి కూడా లేయదు. గిన్నెలు పడతాయా?"

ఏడుస్తున్న జనం ఏడుస్తూనే నవ్వారు. ఓబలప్పకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా పడేవాడేగానీ, ఇది ఎట్లా పడతాడు?

"ఆంజనప్పా! డబ్బా తీసుకురా!"

డబ్బా, దాంతోపాటు లావు తీగల గిటారు తోపుడుబండి మీద వచ్చాయి. ఆఫీసులోంచి వైరు లాగారు. శ్రీరామప్ప వద్దు వద్దంటున్నా వినకుండా ఓబలప్ప అతని గిటారు లాక్కుని లావు తీగను లాగి వదిలాడు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. దొడ్డమునియప్ప టీ గ్లాసు బల్ల మీద జరిగి జరిగి కిందపడి పగిలింది.

"చూసినారా?" అన్నాడు ఓబలప్ప రొమ్ము విరుచుకుని.

మారమ్మ చెప్పు కోసం వంగింది. కాళ్ళకు చెప్పులు లేవు. పక్కనామె వైపు తిరిగి, "అక్కా, నీది ఒకటి ఇట్లా ఇయ్యి," అంది.

అంతలో హనుమంతప్ప నవ్వుతూ పైకి వచ్చాడు కాబట్టి ఓబలప్ప ఒక్క దెబ్బతో బయటపడ్డాడు.

క్లబ్బువాళ్ళు పాట రద్దు చేశారు. సొట్టపోయిన గిన్నెలకు బదులుగా స్పీకరు డబ్బాను మారమ్మ పట్టుకుపోయి గిన్నెల అర చేసుకుంది. గిటారు అటకెక్కింది. ఓబలప్ప అన్నం ముట్టకపోతే వసంతమ్మకే జాలేసింది.

"పోనీలేయ్యా. ఈ తూరి భోజనానికని ఎవరూ లేచిపోలేదు కదా."

మర్నాడు ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. చూస్తే హనుమంతప్ప, వెనుక షిఫ్టు మనుషులంతా. ఓబలప్ప చప్పున వసంతమ్మ వెనక్కి చేరాడు.

హనుమంతప్ప చేతులు నలుపుకున్నాడు. "అన్నా, నిన్న సగం షిఫ్టుకే ఇంటికి పంపించినారు. పెండ్లాం పిల్లోళ్ళతో కూర్చొని తిని ఎన్ని దినాలైనాదో! ఇంగొక్కసారి వాయించప్పా. డబ్బా మా ఇంట్లోనే ఉంది కదా. రేపూ మాది పొద్దుటి షిఫ్టే."

ఓబలప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వసంతమ్మ వైపు చూశాడు.

"నిచ్చెన యాడ పెట్టినావే?"

వన్స్‌మోర్ పడితే చాలు, ఎందుకు పడిందో కళాకారుడు అడగడు.