తొంభై నిమిషాల అన్నదమ్ములు

అపరిమితం అనే మాట చాలాకాలం దేవుడి ఒక్కడి సొత్తుగా ఉండేది. ఫోను కంపెనీలు దాన్ని తీసుకుని, రోజుకు రెండు జీబీలకు కుదించి, పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు పెట్టి జనానికి పంచిపెట్టాయి.

ఆ నక్షత్రం గురించిన సందేహం కళ్ళజోళ్ళాయనను ఏళ్ళ తరబడి పీడిస్తోంది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, "ఆద్యంతాలు లేని స్వామీ" అని దండం పెట్టుకునే మనిషి ఆయన. అంతం లేనిదానికి హద్దు ఎలా పెట్టారు? ఫోనుకి పెట్టినవాళ్ళు రేపోమాపో స్వామి పక్కన కూడా ఒక నక్షత్రం పెడితే ఏం చెయ్యాలి? ఈ సంగతి ఆయన అటు దేవుణ్ణీ అడిగాడు, ఇటు కస్టమర్ కేర్‌నీ అడిగాడు. ఇద్దరూ సమాధానం చెప్పలేదు. (దేవుడు నయం. పాట వినిపిస్తూ కూర్చోబెట్టలేదు.)

ఆయన బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. చిన్న అక్షరాలు కనపడటం లేదని వచ్చేవాళ్ళలో సగం మంది, కొత్త కళ్ళజోడు పెట్టుకోగానే జేబులోంచి తీసి చదివేది ఫోను ప్లాను కాగితమే. చదివాక కళ్ళజోడు వెనక్కి ఇచ్చేసి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

అలాంటి ఆయనకు ఒక సోమవారం మెసేజ్ వచ్చింది. "అభినందనలు! మీరు పదకొండేళ్ళుగా వాడుతున్న 'సంతోషం' ప్లాను రద్దయింది. నెలాఖరులోగా కొత్త ప్లాను ఎంచుకోండి."

ఆయన ఒక్కడి నంబరు అయితే గొడవే ఉండేది కాదు. పదకొండేళ్ళ కింద, ఒక మనిషి పేరు మీద ఐదు సిమ్ములు ఇస్తామంటే తీసుకున్నాడు. తనదొకటి, వాళ్ళావిడదొకటి, కూతురిదొకటి, అత్తగారిదొకటి. ఐదోది వాళ్ళ అన్నయ్యది. అన్నయ్య పంపులు బాగుచేస్తాడు. "పంపు కారుతోందా?" అని రాసి, కింద ఆ నంబరు వేసిన గోడలు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ప్రతి ఇంట్లో అంట్లు తోమే తొట్టి కింద వంగి చూస్తే ఆ నంబరు స్టిక్కరు మీదుంటుంది. అన్నయ్య బతుకంతా ఆ పది అంకెల మీదే నడుస్తోంది.

అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

ఆదివారం కళ్ళజోళ్ళాయన స్కేలు, పెన్సిలు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మూడు కంపెనీల ప్లానులు, షరతులు గళ్ళు గీసి రాసుకుంటూ పోయాడు. కాగితం చాలక క్యాలెండరు వెనక్కి తిప్పాడు.

"నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పదో వంతు ఆలోచించారా?" అంది వాళ్ళావిడ.

"అప్పుడు షరతులు ఎవరు చూపించారు?"

"చూపిస్తే?"

"చదివి సంతకం పెట్టేవాణ్ణి."

"చదివితే పెట్టేవారు కాదు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ధరల్లో మూడు కంపెనీలకూ పెద్ద తేడా లేదు. అన్నీ ఏదో ఒక తొంభై తొమ్మిదితోనే ముగుస్తున్నాయి. తేడా అంతా కుటుంబం అంటే ఏమిటన్న దగ్గర వచ్చింది. మొదటి కంపెనీ లెక్కలో ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు కుటుంబం. రుజువుగా కప్పు ఫోటో పైనుంచి తీసి పంపాలి. అత్తగారి గది మీద రేకులున్నాయి కాబట్టి ఆవిడ వేరే కుటుంబం. (ఈ నిబంధన అత్తగారికి బాగా నచ్చింది.) రెండో కంపెనీ నలుగురి వరకే కుటుంబంగా ఒప్పుకుంటుంది. ఐదో మనిషిని అతిథిగా చూస్తుంది. అతిథి నెలకు మూడు రోజులు మాట్లాడుకోవచ్చు. మూడోది ఆయన పాత కంపెనీయే. అందులో 'అందరం ఒకటే' అనే ప్లాను ఉంది. ఐదుగురూ చేరొచ్చు. కాకపోతే వాళ్ళు ఒక కుటుంబమని ఆఫీసుకొచ్చి నిరూపించుకోవాలి. నిరూపణ కాని నంబరును ఒకటో తారీఖున ప్రజలకు విడుదల చేస్తారు.

ఆఫీసులో ఆయనకు రెండు వందల పద్నాలుగో టోకెను ఇచ్చారు. మూడు గంటలు కూర్చున్నాక పిలుపు వచ్చింది. కౌంటరులో ఉన్నావిడ ఛాతీ మీద 'సహాయ బంధుత్వాధికారిణి' అని బిళ్ళ ఉంది.

"ఈ నలుగురూ మీకు ఏమవుతారు సార్?"

"మా వాళ్ళమ్మా."

"అది మీరంటున్నారు. సిస్టమ్ ఏమంటుందో చూద్దాం." ఆవిడ ఏదో నొక్కింది. "మీ భార్యగారు నాలుగు శాతం."

"నాలుగు శాతం ఏమిటి?"

"బంధుత్వం సార్. ఫోన్లో మాట్లాడుకున్న నిమిషాలను బట్టి వస్తుంది."

"ఒకే ఇంట్లో ఉంటాం కదమ్మా, ఫోనెందుకు?"

"ఇంట్లో మాట్లాడుకుంటున్నట్టు మా దగ్గర ఆధారం లేదు సార్."

ఆధారం ఆయన దగ్గరా పెద్దగా లేదు.

"బాధపడకండి" అని ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఆయనది ఆరు. అదీ స్టాఫ్ రాయితీ కలుపుకుని."

కూతురు పదకొండు శాతం. అన్నీ "ఎక్కడున్నావ్?", "వస్తున్నా" అనే తొమ్మిది సెకన్ల కాల్సే. అత్తగారు సున్నా. ఆవిడ ఏదున్నా గదిలోంచే కేకేస్తారు, ఆ కేక టవరుదాకా పోదు.

"మీకు అందరికంటే దగ్గరి బంధువు ఈ నంబరు సార్. ఎనభై మూడు శాతం. వీరిని చేర్చమంటారా?"

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇది లోను కావాలా అని ఫోన్ చేసే అమ్మాయిది! ఆ అమ్మాయెవరో నాకు తెలీదమ్మా."

"ఆ అమ్మాయికి మీరు తెలుసు సార్. రోజుకి రెండుసార్లు మీ యోగక్షేమాలు అడుగుతోంది. మీ ఇంట్లో ఎవరైనా అడుగుతున్నారా?"

ఆయన మాట మార్చి ఐదో నంబరు సంగతి అడిగాడు. ఆవిడ తెర చూసి, చావు కబురు చెప్పే డాక్టరులా గొంతు సవరించుకుంది.

"సున్నా. ఆరేళ్ళుగా ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. వీరు మీకు అపరిచితులు సార్."

"మా సొంత అన్నయ్యమ్మా" అన్నాడాయన, చాలా మెల్లగా.

"అయితే నెలాఖరులోగా వీరితో తొంభై నిమిషాలు మాట్లాడండి. ఇంట్లోవాళ్ళతో ముప్ఫై చొప్పున చాలు. హలోలు లెక్కలోకి రావు. పన్నెండు సెకన్లు దాటిన మౌనాన్ని తీసేస్తాం. దగ్గుకి సగం ఇస్తాం."

"పోట్లాడుకోవచ్చా?" అని వెనకాల క్యూలోంచి ఎవరో అడిగారు.

"నిరభ్యంతరంగా పోట్లాడుకోండి సార్. గొడవకి ఒకటిన్నర రెట్లు వేస్తాం. బయటివాళ్ళతో అంతసేపు ఎవరూ గొడవపడరని మా పరిశోధనలో తేలింది."

క్యూలో అందరి మొహాలూ వెలిగిపోయాయి.

ఆ వారం ఊరి తీరే మారిపోయింది. మొగుళ్ళు వరండాలోంచి వంటింటికి ఫోన్లు చేశారు. మాటలు రెండు చెవుల్లోనూ వినపడ్డాయి, ఒక చెవిలో సగం సెకను ఆలస్యంగా. కళ్ళజోళ్ళాయనకి వాళ్ళావిడ వంటింట్లోంచి ఫోన్ చేసి, "ఏమండీ, నేనే" అంది. "చెప్పు" అన్నాడు. "ఏముంది చెప్పడానికి, ఉప్పు అయిపోయింది" అంది. ఉప్పు ఎందుకు తేలేదన్న దాని మీద ఇరవై నిమిషాలు వచ్చాయి, రెట్టింపు కాకపోయినా ఒకటిన్నర రెట్లు పడ్డాయి. ముప్ఫై నిమిషాలూ ఒక్క పూటలో నిండాయి. కూతురివీ, అత్తగారివీ కూడా అలాగే నిండాయి.

అన్నయ్యకు మాత్రం ఆయన ఫోన్ చెయ్యలేకపోయాడు. రోజూ దేవుడి ముందు నిలబడి, "నువ్వే నంబరు నొక్కు స్వామీ" అని వేడుకునేవాడు. చివరికి వాళ్ళావిడే విసుక్కుని రెండు వీధుల అవతలికి వెళ్ళింది. బావగారు ఎవరిదో వంటింట్లో తొట్టి కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కాళ్ళే కనిపిస్తున్నాయి.

"ఏమ్మా, మీ ఆయన నోరు పడిపోయిందా, నిన్ను పంపాడు?" అన్నాయి కాళ్ళు.

"నోరు బాగానే ఉంది బావగారూ, వాడకమే తక్కువ."

ఆవిడ సంగతంతా చెప్పింది. రెంచి చప్పుడు ఆగింది.

"పోతే పోనీ. కొత్త నంబరు తీసుకుంటా."

"గోడల మీది నంబరో? అది ఎవరికి పోతే వాళ్ళకి ఊళ్ళో పంపులన్నీ పోతాయి. వాళ్ళకి పని రాకపోతే ఊరంతా కారుతుంది. తిట్లు మీకొస్తాయి."

కాళ్ళు కాసేపు ఆలోచించాయి. "చెయ్యమను. ఎత్తుతా. మాట్లాడతానని మాత్రం అనలేదు."

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు కళ్ళజోళ్ళాయన ఫోన్ చేశాడు.

"నేనే."

"తెలుసు. చెప్పు."

చెప్పడానికి ఏమీ లేదు. గోడ గడియారంలో ముల్లు పదకొండో సెకను దాటబోతోంది. ఆయన చేతికందిన పుస్తకం తీసి గడగడా చదవడం మొదలుపెట్టాడు. చేతికందింది 'అందరం ఒకటే' ప్లాను ఒప్పందం. అరవై నాలుగు పేజీలు.

"మొదటి పేజీ. ఈ ఒప్పందంలో 'మేము' అంటే కంపెనీ. 'మీరు' అంటే మీరు."

"మరి మనం?"

"మనం లేదు. మొత్తం వెతికాను."

అవతలి నుంచి ముక్కుతో నవ్విన చప్పుడు వచ్చింది. (నవ్వుకి ఎన్ని రెట్లో ఒప్పందంలో రాయలేదు.)

అలా మూడు రోజులు చదివాడు. పారాయణం అలవాటున్న గొంతు కాబట్టి ఎక్కడా తడబడలేదు. వాన, యుద్ధం, దైవఘటన వల్ల సేవ ఆగితే బాధ్యత మాది కాదు అన్న చోట అన్నయ్య అడ్డు తగిలాడు. "ఈ ముక్క బావుందిరా. నేను బిగించిన పంపు కారితే దేవుడి మీదికి తోసెయ్యొచ్చా?"

"వీళ్ళు తోసేశారుగా."

"దేవుడు సంతకం పెట్టాడా?"

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

మూడో రోజుకి యాభై నిమిషాలు పోగయ్యాయి. నెలాఖరుకి రెండు రోజులుంది. ముప్ఫై ఒకటో పేజీలో ఆయన గొంతు మొదటిసారి తడబడింది.

"ఖాతాదారుడు తన ఖాతాలోని వ్యక్తిని తనవాడిగా ఇతరుల ఎదుట అంగీకరించనిచో..."

"ఆగాగు. ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాడు.

"దానికి శిక్షేమిటి?"

"నంబరు పోతుందట."

"అంతేనా? నాకు అంతకంటే పెద్దదే పడిందిరా. ఆ రోజు నీ షాపులో పంపు బిగిస్తున్నా. ఆ కోటు వేసుకున్న పెద్దమనిషి ఎవరీయన అని అడిగితే ఏమన్నావ్?"

"అన్నయ్యా..."

"ఏమన్నావ్?"

"పంపులాయన అన్నాను."

"పంపులాయన! నిన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసిన పంపులాయన!"

"నువ్వు మాత్రం? రెంచి నేలకేసి కొట్టి వెళ్ళిపోయావ్. మూడు పలకలు పగిలాయి!"

"నా రెంచి నా ఇష్టం!"

"నా నేల!"

గొడవ ఏకధాటిగా ఇరవై ఏడు నిమిషాలు సాగింది. ఒకటిన్నర రెట్లు వేస్తే నలభైన్నర. ఫోను ఠింగుమంది. "అభినందనలు! మీరిప్పుడు అన్నదమ్ములు*." నక్షత్రం కింద ఏముందో కళ్ళజోళ్ళాయన భూతద్దం పెట్టి చూశాడు. 'ఆఫీసులో ఇద్దరూ హాజరై, నోటిమాటగా నిర్ధారించుకోవడానికి లోబడి.'

నెలాఖరు రోజున ఆఫీసు కిటకిటలాడుతోంది. అన్నయ్య పని బట్టల్లోనే వచ్చాడు, ఒళ్ళో రెంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే మూడు గంటలు కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. (ఎదురుగా మాట్లాడితే నిమిషాలు పడవు.) కౌంటరు దగ్గర ఒక యంత్రం పెట్టారు. అది అందరికీ వినపడేలా అడిగింది.

"మీ పక్కనున్న వ్యక్తి మీకు ఏమవుతారో స్పష్టంగా చెప్పండి."

"అన్నయ్య" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"మా అన్నయ్య."

"క్షమించండి. ఇది మీ చివరి అవకాశం."

కళ్ళజోళ్ళాయన లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. దేవుడి గదిలో కూడా ఎప్పుడూ ఎత్తనంత గొంతు ఎత్తాడు.

"మా అన్నయ్యండీ! మా సొంత అన్నయ్య! పంపులు బాగుచేస్తాడు! నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళేవాడు! ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా!"

నలభై టోకెన్లూ తలలు తిప్పి చూశాయి. సహాయ బంధుత్వాధికారిణి కళ్ళు తుడుచుకుని, అది నిబంధనలకు విరుద్ధమని గుర్తొచ్చి మానేసింది.

"చాల్లేరా, కూర్చో. వినపడింది" అన్నాడు అన్నయ్య, రెంచి వైపు చూస్తూ.

"నీకు కాదన్నయ్యా, దానికి వినపడాలి."

"దానికి ఎప్పుడు వినపడితే ఏం. నాకు నువ్వు పడ్డ బాకీ తీరిపోయింది."

యంత్రం తెర మీద చక్రాన్ని కొంతసేపు గిర్రున తిప్పి, పచ్చదీపం వెలిగించింది.

"ధన్యవాదాలు. మీరు అన్నదమ్ములని ధ్రువీకరించడమైనది. ఈ బంధుత్వం ఇరవై ఎనిమిది రోజులు చెల్లుతుంది."