స్టైల్‌షీటు పక్షం, స్క్రిప్టు పక్షం

తమిళనాట తెలుగు భాష ఇక చావడానికి వీల్లేదని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది! చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. తీర్మానాన్ని అధ్యక్షులవారు స్వహస్తాలతో రాశారు. తమిళంలో రాశారు. "భావం ముఖ్యం" అన్నారు.

తిరుత్తణి, తిరువళ్ళూరు తెలుగు భాషా పరిరక్షణ సంఘానికి నేను కార్యదర్శిని. పేరు జయకుమార్. సమావేశాల్లో ఎవరేమన్నారో మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. కార్యవర్గం మొత్తం మీద తెలుగు చదవడం, రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఆ పుస్తకంలో ఏముందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. నా పదవికి పోటీ లేకపోవడానికి అదే కారణం.

అధ్యక్షులు దండపాణి నాయుడుగారు. సరిహద్దు పల్లెలో మామిడి తోటలు, రైస్ మిల్లు ఉన్నాయి. ఉపాధ్యక్షులు షణ్ముగం శెట్టిగారు. తిరువళ్ళూరు బజారులో స్టీలు పాత్రల కొట్టు. నాయుడుగారి వెనక పొలాల వాళ్ళు, శెట్టిగారి వెనక కొట్ల వాళ్ళు. ఇద్దరూ భాష కోసం ప్రాణాలిస్తారు. ఎవరు ముందు ఇవ్వాలన్న దగ్గరే పేచీ!

జనవరిలో మా సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. తిరుత్తణిలో ఒక బడి ఉంది. అందులో పగలు లెక్కలు చెప్పే ఉషా టీచర్, నాలుగేళ్ళుగా వారానికి మూడు సాయంత్రాలు ఒక గదిలో కూర్చుని, వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతోంది. ఏ బడి పిల్లలైనా రావచ్చు. వచ్చేది మాత్రం ఏడుగురు. ఆ గదిని అబాకస్ క్లాసుకు ఇమ్మని నలభై మంది తల్లిదండ్రులు అడుగుతున్నారని హెడ్‌మిస్ట్రెస్ ఏంజెలిన్‌గారు చాలా మర్యాదగా రాశారు. తెలుగు నేర్చుకోవడానికి పదిహేను మంది పిల్లలున్నారని తల్లిదండ్రుల సంతకాలతో ఏప్రిల్ ముప్ఫై సాయంత్రం అయిదు లోపల చూపిస్తే, గది తెలుగుకే ఉంచుతామన్నారు.

"పదిహేను మందా!" అని నాయుడుగారు బల్ల గుద్దారు. "పదిహేను నూర్ల మందిని తెస్తాము! ఏమనుకున్నారు మనల్ని?"

ఆయన ధీమాకు కారణముంది. కిందటేడు మేము పన్నెండు వందల తెలుగు కుటుంబాల సర్వే చేశాం. ప్రతి ఇంటి పెద్దా తన చేత్తో ఫారం నింపి సంతకం పెట్టాడు. ఆ వివరాలన్నీ ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో ఒక ఫైలుగా ఎక్కించారు. ఎక్స్ఎంఎల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి వివరానికీ ముందొక చీటీ, వెనకొక చీటీ అంటించి దాచడం. కంప్యూటరుకు అది ముచ్చటగా ఉంటుంది, మనిషి చదివితే కళ్ళు తిరుగుతాయి. ఇప్పుడు ఆ ఫైల్లోంచి, పిల్లలకు తెలుగు నేర్పించడం ఇష్టమన్న ఇళ్ళను ఏరి, మనుషులు చదివే జాబితాగా మార్చాలి. ఆ జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చుకుంటానని ఉషా టీచర్ చెప్పింది.

ఇలాంటి పనులే వృత్తిగా చేసే పిల్ల కూడా దొరికింది. ఉషా టీచర్ చెల్లెలి కూతురు మనస్వి. తిరునిన్రవూరులో ఉంటూ రోజూ లోకల్ ట్రైన్లో మద్రాసు వెళ్ళి ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరుత్తణిలో దిగింది. మా కార్యవర్గం తొమ్మిది మందీ ఆమె చుట్టూ కూర్చున్నారు.

"సగం పూట పని అయ్యా," అంది మనస్వి. "స్టైల్‌షీటు రాసి చెయ్యొచ్చు, లేదంటే స్క్రిప్టు రాసి చెయ్యొచ్చు. ఏదైనా సరే."

ఆ "ఏదైనా సరే" అన్న రెండు మాటలే కొంప ముంచాయి!

"ఏదైనా సరే అంటే ఎట్ల పాపా?" అన్నారు నాయుడుగారు. "రెండిట్లో ఏది గొప్పది?"

"గొప్పా తక్కువా ఏమీ లేదయ్యా. ఎలవూరు చెక్‌పోస్టు చూసినారు కదా? స్క్రిప్టు ఆ మాదిరి. వొచ్చిన ప్రతి లారీనీ నిలబెట్టి, లోపల చూసి, పో అనడమో, పక్కన పెట్టడమో, అంతా వరసగా మనమే చెప్పాల. స్టైల్‌షీటు అంటే రోడ్డు మింద బోర్డు పెట్టడం. ఉల్లిగడ్డల లారీలు ఎడమకి, తక్కినవి కుడికి అని రూలు రాసి పెడితే చాలు. ఏ లారీ వొస్తే దానికి తగిన రూలు వర్తిస్తాది."

నాయుడుగారు మీసం సవరించుకున్నారు. "బోర్డు పెట్టేవాడు దొర. లారీ ఆపేవాడు కానిస్టేబులు. మనకు స్టైల్‌షీటే తగినది."

"అట్ల కాదన్నా," అని శెట్టిగారు లేచారు. "సరుకును చేత్తో పట్టి చూసేవాడే వ్యాపారి. బోర్డును నమ్మితే కొట్టు మూసుకోవాల. అదీగాక స్క్రిప్టు అంటే ఏమి? లిపి! మన సంఘం పుట్టిందే లిపి కోసరం. లిపి వొద్దనేవాడు తెలుగోడేనా?"

"అయితే నాకు స్టైలు లేదంటావా?"

"నీకు లిపి లేదంటా ఉండా!"

మనస్వి సాయం కోసం నా వైపు చూసింది. నేను మినిట్స్ వైపు చూసుకున్నాను.

ఆ రోజే రెండు ఉపసంఘాలు ఏర్పడ్డాయి. సగం పూట పనికి తొందరపడకూడదని, లోతుగా అధ్యయనం చేయాలని నిర్ణయించారు. అంతవరకూ ఫైలున్న పెన్‌డ్రైవును సంఘం బీరువాలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి నాయుడుగారి దగ్గర, రెండోది శెట్టిగారి దగ్గర.

స్టైల్‌షీటు పక్షం వాళ్ళు కాట్టుపల్లి వెళ్ళారు. వాళ్ళలో ఒకరి బావమరిది అక్కడి రేవులో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తాడు. ఓడలు చూశారు, చేపలు తిన్నారు. "పెద్ద పనులన్నీ బోర్డుల మీదే నడుస్తున్నవి" అని పదకొండు పేజీల నివేదిక ఇచ్చారు. స్క్రిప్టు పక్షం వాళ్ళు ఊరుకుంటారా? టీవీ సీరియళ్ళకు స్క్రిప్టు రాసే ఒక పెద్దమనిషిని పిలిపించి శాలువా కప్పారు. ఆయన రెండు గంటలు మాట్లాడి, తనను దేనికి పిలిచారని అడిగి, జవాబు రాకముందే కారెక్కారు.

ఉషా టీచర్ వారం వారం వచ్చేది.

"జాబితా వొచ్చిందా అన్నా?"

"పరిశీలనలో ఉంది టీచరమ్మా."

"ఏదో ఒకటి చెయ్యమనండన్నా. దినాలు అయిపోతా ఉండాయి."

ఈ మాట నాయుడుగారికి చెబితే ఆయన బాధపడ్డారు. "ఏదో ఒకటి చేస్తే భాష నిలుస్తాదా?"

ఫిబ్రవరి పోయింది. మార్చి పోయింది. ఏప్రిల్లో ఎండలు ముదిరి రెండు ఉపసంఘాలూ సెలవు తీసుకున్నాయి. చివరికి ఏప్రిల్ ముప్ఫై ఉదయం పదింటికి అత్యవసర సమావేశం పెట్టారు. మనస్వి ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. నాయుడుగారు ఒక తాళం, శెట్టిగారు ఒక తాళం తీశారు.

"రెండూ రాస్తాను," అంది మనస్వి. "మీరే చూసుకోండి."

పదకొండున్నరకల్లా అయిపోయింది! స్టైల్‌షీటు తయారుచేసిన జాబితా ఒక కాగితం, స్క్రిప్టు తయారుచేసిన జాబితా ఒక కాగితం. రెండూ తెలుగులో అచ్చయి బల్ల మీదికి వచ్చాయి.

నాయుడుగారు స్టైల్‌షీటు కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. "అక్షరాల్లో ఆ గాంభీర్యం చూడండప్పా! రాజసం ఉట్టిపడతా ఉండాది."

"ఇందులో జీవం ఉండాది," అని శెట్టిగారు స్క్రిప్టు కాగితాన్ని గుండెలకు హత్తుకున్నారు. "మా నాయన చేతిరాత చూసినట్టుంది."

నేను రెండూ చదివాను. కామా కూడా తేడా లేదు. ఇంతలో ఫ్యాను గాలికి రెండు కాగితాలూ ఎగిరి కింద పడ్డాయి. నాయుడుగారికి శెట్టిగారిది, శెట్టిగారికి నాయుడుగారిది చేతికొచ్చాయి. గాంభీర్యం, జీవం కూడా వాటితోపాటు చేతులు మారాయి.

"ఎందుకో రొంబ చిన్నదిగా ఉండాదే?" అన్నారు శెట్టిగారు, కాగితాన్ని వెనక్కి తిప్పి చూస్తూ.

ఉషా టీచర్ పైకి చదివింది. ఇటుకబట్టీలో పనిచేసే మునిస్వామి పిల్లలు ఇద్దరు. టీ బంకు మీనాంబ కూతురు. బస్సు కండక్టరు దినకర్ కొడుకు. ఇంకో ముగ్గురు. మొత్తం ఏడుగురు. ఇప్పటికే క్లాసుకు వస్తున్న ఆ ఏడుగురే.

"తక్కినోళ్ళు యాడ?" అని అరిచారు నాయుడుగారు. "మా ఇల్లు యాడ?"

"నీ స్టైల్‌షీటు మింగేసినాదన్నా!"

"నీ స్క్రిప్టు కక్కినాదా మరి?"

ఒక్క నిమిషంలో ఇద్దరూ, నాలుగు నెలల్లో మొదటిసారి, ఒక్క మాట మీదికి వచ్చారు. తప్పు యంత్రానిది!

మనస్వి ల్యాప్‌టాప్ తిప్పి, నాయుడుగారి ఇంటి వివరాలు తెరిచి చదివింది. "మాతృభాష తెలుగు. భాషాభిమానం ప్రాణసమానం. పిల్లలకు తెలుగు నేర్పించడం ఇష్టమా? కాదు. కారణం, సాయంత్రం స్కేటింగ్." తర్వాత శెట్టిగారిది. "ఇష్టమా? కాదు. కారణం, ఫ్రెంచి ట్యూషన్. అందులో మార్కులు బాగా వొస్తాయి."

నాయుడుగారు, శెట్టిగారు చెరో కిటికీ వైపు తిరిగారు.

"రూలు నేను రాసినాను," అంది మనస్వి. "జవాబు మీరు రాసినారు."

నాయుడుగారు ముందుగా తేరుకున్నారు. "రూలు మార్చు పాపా. ఇష్టం గిష్టం తీసేయ్. ఇంట్లో తెలుగు మాట్లాడితే చాలు అని పెట్టు."

"ఒక నిమిషం పని అయ్యా. పన్నెండు వందల ఇండ్లూ వొచ్చేస్తాయి. సంతకాలు ఎవరు పెడతారు?"

ఆ మాటకు జవాబు చెప్పింది కార్యవర్గం కాదు. గ్లాసులు తీయడానికి వచ్చిన చెంగమ్మ. మా ఆఫీసు ఊడ్చేది, టీ తెచ్చేది ఆమే.

"మా వీధికి సర్వేవాళ్ళు రానేలేదే అయ్యా?"

"మీరు సభ్యులు కాదు కదా చెంగమ్మా," అన్నారు శెట్టిగారు ఓపికగా.

"సభ్యులు కాకపోతే తెలుగోళ్ళం కామా? మా పిలకాయలు ఇంట్లో మాట్లాడేది ఇదే. ఒక్క అక్షరం రాదు. నేర్పిస్తామంటే ఎవురు వొద్దన్నారు?"

ఉషా టీచర్ ఇంకో మాట వినలేదు. చెంగమ్మను స్కూటరెక్కించుకుని వెళ్ళిపోయింది. మేము భోజనాలకు లేచాం.

నాలుగింటికి ఇద్దరూ తిరిగొచ్చారు. మొహాలు ఎండకు కమిలిపోయాయి. మునిస్వామి, మీనాంబ, దినకర్ వాళ్ళందరి సంతకాలూ దారిలోనే పెట్టించారు. చెంగమ్మ వీధిలో ఇంకో ఏడుగురు పిల్లలకు తల్లులు, తండ్రులు ఒప్పుకున్నారు. కొన్ని సంతకాలు, కొన్ని వేలిముద్రలు. మొత్తం పద్నాలుగు.

"ఇంకొక్కటి," అంది ఉషా టీచర్. "ఒక్క సంతకం చాలు."

కార్యవర్గంలో తొమ్మిది మందిమి. అందరిళ్ళలో కలిపి పదకొండు మంది పిల్లలు.

నాయుడుగారు నిట్టూర్చారు. "నాకు ఇష్టమే తల్లీ. కోడలు ఒప్పుకోదు."

"మనవడికి కండ్లద్దాలు," అన్నారు శెట్టిగారు. "ఇంకో లిపి కూడా చదివితే పవరు పెరుగుతాదేమో."

పక్కనున్న కన్నన్ చేతులు జోడించాడు. "పెద్దోళ్ళు పెట్టకుండా నేను పెడితే వాళ్ళను మించినట్టు అవుతాది టీచరమ్మా."

ఇలా ఒక్కొక్కరూ తప్పుకున్నారు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఉషా టీచర్ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"జయకుమారన్నా, మీ పాప దర్శిని ఇప్పుడు ఆరో తరగతికి వొస్తాది కదా?"

నేను తలూపాను.

"మీరింత బాగా తెలుగు రాస్తారు. పాపకు నేర్పించినారా?"

దర్శినికి ఆ సాయంత్రాలు హిందీ క్లాసుంది. పరీక్షలు వరసగా రాస్తోంది. ఉత్తరాదిలో ఉద్యోగం వస్తే పనికొస్తుందని మా ఆవిడ అంటుంది. నిజం చెప్పాలంటే నేనే అంటాను.

మనస్వి ల్యాప్‌టాప్ మీదికి వంగింది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మీ ఫారం కూడా ఉంది అన్నా," అంది. "తక్కినోళ్ళంతా ఈ గడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో రాసినారు. పన్నెండు వందల ఇండ్లలో, వొద్దు అని తెలుగులో రాసింది మీరొక్కరే."

నాయుడుగారు, శెట్టిగారు చాలా ఆసక్తిగా నా వైపు చూశారు. ఆ రోజంతా వాళ్ళ మొహాల్లో కనిపించని ప్రశాంతత అప్పుడు కనిపించింది.

"ఇంట్లో ఒక మాట అడిగి చెబుతాను టీచరమ్మా," అన్నాను.

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "పద్నాలుగు మంది ఉండారు కదా," అంది చెంగమ్మతో. "గది లేకపోతే మీ వీధిలో కూర్చుంటాం. బల్ల మాత్రం ఒకటి చూడండి." ముగ్గురు ఆడవాళ్ళూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అయిదు దాటాక సమావేశం కొనసాగింది. సాంకేతిక సాధనాల ఎంపికలో తలెత్తిన ఇబ్బందుల వల్ల ఈ ఏడు లక్ష్యం నెరవేరలేదని తీర్మానించాం. ఉషా టీచర్ సేవలకు శాలువా ప్రకటించాం. స్టైల్‌షీటా, స్క్రిప్టా అన్న అంశం మీద వచ్చే ఏడు రెండు రోజుల మహాసభ జరపాలని నాయుడుగారు ప్రతిపాదిస్తే శెట్టిగారు బలపరిచారు. ఇద్దరూ కౌగిలించుకున్నారు కూడా!

ఇంటికి వెళ్ళేసరికి దర్శిని హాల్లో కూర్చుని హిందీ వ్యాసం బట్టీ పడుతోంది. నాలుగు నెలలుగా ఇంట్లో వింటున్న గొడవే కాబట్టి, తలెత్తి అడిగింది.

"ఏమైంది అప్పా? పదిహేను వొచ్చినాయా?"

"లేదమ్మా. ఒకటి తక్కువైంది."

"అయ్యో! ఎవరిది?"

చెప్పులు విప్పి, గూట్లో పెట్టి, రెండూ సమానంగా ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకున్నాను.

"అదంతా టెక్నికల్ సమస్య పాపా," అన్నాను. "నువ్వు చదువుకో."