మనుషులు లేని దీవిలో నలభై నిమిషాలు

"ఈ దీవుల్లో జరిగిన అణుపరీక్షల వల్ల ప్రజారోగ్యానికి కలిగిన ప్రమాదం చట్టరీత్యా లెక్కలోకి రానిదని ప్రభుత్వం తరఫున సగర్వంగా ప్రకటిస్తున్నాను!"

అన్నవారు బాధితుల అర్జీలు విచారించే కమిషన్ అధ్యక్షులు మోర్లివాల్ గారు. ఆ సమయంలో ఆయన బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉన్నాయి.

విన్నది ఇద్దరే. ఒకడు తురానా. రెండోవాడు అతని భార్య అన్నకొడుకు మహూరు. మహూరు ఊరికి మేయరు కాబట్టి చప్పట్లు కొట్టాడు. తురానా కొట్టలేదు.

చట్టప్రకారం స్థల పరిశీలన జరగాలి. అందుకే ఊరున్న దీవి నుంచి పడవలో ఈ తూర్పు దీవికి వచ్చారు. ఇక్కడ తురానా ఇల్లు, కొబ్బరి ఎండబెట్టే పాక, ఇంటి పక్కనే భార్య వాహినేరి సమాధి ఉన్నాయి. ఆమె గొంతులో గడ్డ లేచి చనిపోయింది. బాంబు ధూళి వల్లే పోయిందని ప్రభుత్వం ఒక కాగితం మీద ఒప్పుకోవాలని తురానా పదకొండేళ్ళుగా అడుగుతున్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ దీవుల్లో ఒక కట్టుబాటు ఉంది. నేలను భాగాలు చేసి, ఒక్కో భాగంలో కొబ్బరి పోగెయ్యడానికి ఒక్కో కాలం పెట్టుకుంటారు. వంతు వచ్చిందంటే పిల్లాజెల్లా, కోడీకుక్కా సహా ఊరంతా అక్కడికి కాపురం మారుతుంది. బాంబు పేలిన నెల తూర్పు దీవి వంతు.

మోర్లివాల్ గారు ఫైలు తెరిచారు. "ఆ నెల సైన్యం వారు మీ ఊళ్ళో జనాభా లెక్క తీశారు. సున్నా!"

"అందరం ఇక్కడున్నాం కదండీ!"

"ఈ దీవి జనావాసాల జాబితాలో లేదు."

"లేకపోతే?"

"మనుషులు లేరు."

"నేనున్నానండీ."

"మీరు జాబితాకు వెలుపల ఉన్నారు."

తురానా సమాధి వైపు చెయ్యి చూపించాడు. "మరి ఈవిడో?"

మోర్లివాల్ గారు టోపీ తీశారు. మర్యాదస్తుడు. "చనిపోయాక ఉండటం నివాసం కిందికి రాదు" అని మళ్ళీ టోపీ పెట్టుకున్నారు.

మహూరు కొబ్బరిబోండాం కొట్టి ఆయనకు అందించాడు.

"వద్దండీ, కడుపు బాగాలేదు."

"ఇందాక పడవలో మూడు రొట్టెలు తిన్నారు కదండీ?"

"ఇప్పుడే చెడింది."

సరిగ్గా నలభై నిమిషాలకు ఆయన పడవెక్కారు. బూట్ల సంచులు జాగ్రత్తగా, వేలికి అంటకుండా విప్పి, ఊరివాళ్ళు చేపలు పట్టుకునే నీళ్ళలో పారేశారు.

రెండు నెలలకు ఓడ వచ్చింది. తురానాకు రెండు కవర్లు తెచ్చింది. మొదటిది తీర్పు: ఆ నెల తూర్పు దీవిలో మనుషులెవరూ లేనందున వాహినేరి మరణం గురించిన అర్జీ కొట్టివేయడమైనది. రెండోది మోర్లివాల్ గారు స్వయంగా రాసింది. మహూరు పైకి చదివాడు.

"తూర్పు దీవిలో నలభై నిమిషాలు గాలి పీల్చినందువల్ల నాకు గొంతు మంట మొదలైనది. అణుధూళి సోకిన ఉద్యోగిగా ఆరు నెలల వైద్యసెలవు కోరుచున్నాను. నేను అక్కడ ఉన్నట్లు స్థానిక నివాసి ఒకరు సాక్ష్యం ఇవ్వాలని నిబంధన. జతపరచిన కాగితం నింపి పంపగలరు."

కింద సంతకం, పొడుగ్గా.

మహూరు ఎగిరిపడ్డాడు. "నువ్వు సంతకం పెట్టకు మామా! ముప్పై ఏళ్ళు ఈ గాలి పీల్చిన అత్తకు సోకనిది ఈయనకు సోకిందా?"

"పెడతాను. అడిగినవాడు పెద్దమనిషి."

తురానా నిదానంగా, గుండ్రటి అక్షరాలతో నింపాడు. సాక్షి నివాసం: తూర్పు దీవి. దరఖాస్తుదారు అక్కడ ఉన్నట్టు ఎలా తెలుసు: మా ఇంటి ముందే నిలబడ్డారు. బాంబు పేలిన నెల నేను, నా భార్య వాహినేరి కాపురమున్నది ఆ ఇంట్లోనే.

మహూరు రెండుసార్లు చదివాడు. "ఇది దాఖలు చేస్తే అత్త ఇక్కడుందని ఆయనే రుజువు పెట్టినట్టవుతుంది కదా!"

"పెట్టకపోతే ఆయనకు జబ్బు రాదు."

తర్వాతి ఓడలో కమిషన్ ముద్రతో రిజిస్టరు ఉత్తరం దిగింది. అధ్యక్షుల వారి గొంతు దైవకృప వల్ల పూర్తిగా నయమైంది! సెలవు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. పొరపాటున రాసిన మొదటి ఉత్తరాన్ని తురానా వెంటనే తిప్పి పంపాలి.

ఆ ఉత్తరం అప్పటికే తీర్పు మీద తురానా వేసిన అప్పీలుకు జతపడి, రాజధానిలో కోర్టు బల్ల మీద ఉంది.

"ఏం రాద్దాం మామా?" అన్నాడు మహూరు, నవ్వాపుకోలేక.

తురానా నవ్వలేదు. కాగితం లాక్కుని తనే రాశాడు.

"అయ్యా, తూర్పు దీవిలో మనుషులెవరూ లేరు. తమరి ఉత్తరం ఎవరికీ అందలేదు."