పదో మానుఫిలి

“నేటినుంచి మన దేశంలో ఏ ఒక్కరూ తాము ఎవరో నిరూపించుకోవలసిన పని లేదు. ఆ శ్రమంతా ఇకమీదట ప్రభుత్వానిదే” అని డిజిటల్ గుర్తింపు మంత్రి ఫులిమాఉ సోలోమోనాగారు మా దీవిలోని సలెలొలొంగా రేవులో వేసిన షామియానా కింద ప్రకటించారు. గుర్తింపు కార్యాలయానికి ఎదురుగానే నా జిరాక్సు కొట్టు ఉండడంవల్ల, ఆ మహత్తర ఘట్టాన్ని స్టూలు మీద కూర్చునే చూసే భాగ్యం నాకు దక్కింది.

మంత్రిగారు గుడ్డ తొలగించారు. లోపల మైక్రోవేవ్ అంత పెట్టె, దానికో తెర. ఏఐ ఏజెంటు. పేరు తౌతువా, అంటే సేవ. పద్ధతి చాలా సులువు. మనిషి పెట్టెతో మాట్లాడతాడు. పెట్టె రాజధానిలో ఉన్న గుర్తింపు సర్వీసును అడుగుతుంది. ఈ మనిషి ఈ మనిషేనో కాదో సర్వీసు చెబుతుంది.

అంతకుముందు ఆ పని లోసా చేసేది. ఇరవై ఏడేళ్ళుగా అదే కౌంటరు. వచ్చినవాళ్ళ మొహం చూసేది, “ఎవరి పిల్లవి?” అని అడిగేది, స్టాంపు వేసేది. రెండు నిమిషాలు. ఇంత అశాస్త్రీయమైన పద్ధతిలో ఈ దీవి ఇన్నాళ్ళు ఎలా బతికిందో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోందని మంత్రిగారు సెలవిచ్చారు.

మొదటిరోజు చిన్న అవాంతరం వచ్చింది. లోపలికి రానిచ్చే ముందు సర్వీసు ఒక గడి చూపించి, ‘నేను రోబోను కాను’ అని టిక్కు పెట్టమంది. ఏజెంటు నిజాయితీ గలది. పెట్టనంది. రెండు రోజులు కమిటీ కూర్చుంది. చివరికి లోసాను మళ్ళీ పిలిపించి, ఏజెంటు పక్కన కుర్చీ వేసి, ఆ టిక్కు పెట్టే బాధ్యత అప్పగించారు. ఆమె కొత్త హోదా మానవ సహకార అధికారి. ఎవరినైనా గుర్తుపట్టినా నోరు తెరవకూడదన్నది ఉద్యోగ నిబంధన.

నాలుగు నెలలు గడిచాక ఒక మంగళవారం మోయెలాంగి వచ్చింది. బుట్టలల్లే మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, గుండెలో కవాటం పాడైంది. శుక్రవారం విమానంలో ఏడుగురు రోగులను ఆపరేషన్‌కు ఆక్లండ్ పంపుతున్నారు. ఏడో సీటు ఆమెది. డాక్టర్లు అన్నీ చూసి రాసేశారు. గురువారం నాలుగు గంటల్లోగా తౌతువా ‘సరే’ అంటే చాలు. తప్పితే మళ్ళీ జట్టు వెళ్ళేది ఏడు నెలలకు. అన్నాళ్ళు ఆ గుండె నిలవదని డాక్టరు ఆమెకు చెప్పలేదు, చెల్లెలికి చెప్పాడు. చెల్లెలు వచ్చి నాకు చెప్పింది.

మోయెలాంగి కాగితాలన్నీ నేనే జిరాక్సు తీశాను. మా అందరి కాగితాల్లాగే ఉన్నాయి. చర్చి పుస్తకంలో కన్నతండ్రి పేరు. బడి పుస్తకంలో పెంచిన మేనమామ పేరు. పాస్‌పోర్టు నాటికి తండ్రికి కుటుంబ పెద్దగా మానుఫిలి బిరుదు వచ్చింది కాబట్టి దాంట్లో ఆ బిరుదు. లోసా టిక్కు పెట్టింది. ఏజెంటు ఒక్క క్షణంలో తేల్చేసింది.

“మీరు ముగ్గురు. మీలో ఎవరికి జబ్బు?”

మోయెలాంగి అటూ ఇటూ చూసింది. “ఏమే లోసా, నేనెవరో దీనికి చెప్పవే. మీ అమ్మ పోయినప్పుడు చాపలు మోసుకొచ్చింది నేనేనా, ఇంకెవరైనానా?”

“నువ్వేనక్కా. కానీ నేను చెప్పకూడదు.”

“మరెందుకే ఇక్కడ కూర్చున్నావు?”

“నేను రోబోను కానని చెప్పడానికి” అంది లోసా.

అయితే ప్రభుత్వం అన్నిటికీ దారి పెట్టింది. కుటుంబ పెద్ద వచ్చి పూచీ పడితే ముగ్గురూ ఒకరేనని తౌతువా నమ్ముతుంది. బుధవారం ఉదయానికల్లా మానుఫిలి వచ్చాడు. ఒక్కడు కాదు, తొమ్మిదిమంది. బిరుదును శాఖలవారీగా పంచుకోవడం మాకు మామూలే. ఆ కుటుంబంలో తొమ్మిది శాఖలు, తొమ్మిదిమందీ మానుఫిలులే, తొమ్మిదిమందీ పెద్దలే. మోయెలాంగి పనంటే ఎవరూ ఇంట్లో కూర్చోలేకపోయారు. వరసగా నిలబడి ఒక్కొక్కరే పేరు చెప్పారు. ఐదో మానుఫిలి దగ్గర పెట్టె ఎర్రదీపం వేసింది. ఒకే పేరుతో ఒక ముఠా తిరుగుతోందని రాజధానికి కబురు పంపి, తొమ్మిదిమంది గుర్తింపునూ అక్కడికక్కడే నిలిపివేసింది.

తొమ్మిదిమంది పెద్దలూ నా కొట్టు మెట్లమీద కూర్చుని పేకాట మొదలుపెట్టారు. అధికారికంగా లేని మనుషులు కదా, ఇంకేం చేస్తారు?

గురువారం పొద్దున్నే మంత్రిగారు విలేకరులతో సహా పడవ దిగారు. ఇటువంటి చిక్కు మరొక నాయకుడికి వస్తే యంత్రాన్ని తప్పుపట్టేవాడు. ఆయన అలాంటివారు కారు. పెట్టెనూ, మెట్లమీది తొమ్మిదిమందినీ మార్చి మార్చి చూసి, పూచీ పడే పెద్ద అనుమానం లేని పెద్ద అయితే సరిపోతుంది కదా అన్నారు. ఈ ప్రాంతంలో అనుమానం లేని వ్యక్తి ఎవరని వాకబు చేస్తే, తౌతువా ఒక్కటే అని తేలింది.

బిరుదు ఇవ్వాలంటే మా దగ్గర నెలల తరబడి కుటుంబాలు కూర్చుంటాయి, వాదించుకుంటాయి, అలిగి లేచిపోతాయి. మంత్రిగారు పన్నెండుకల్లా ముగించారు. తమ గుర్తింపు తిరిగి ఇస్తామంటే తొమ్మిదిమందీ ఒప్పుకున్నారు. మొదట కుదరదని లేచిన పెద్దాయన కూడా పంది కాలుతున్న వాసనకు మళ్ళీ కూర్చున్నాడు. చాపలు పరిచారు. మర్యాదకు తాగే వేరు పానీయం ఆవా కలిపారు. తొలి కొబ్బరిచిప్ప పెట్టె ముందుకు తెచ్చారు. పెద్దమనిషి తాగకపోతే అమర్యాద కాబట్టి తెర మీద నాలుగు చుక్కలు చిలకరించారు. లోసా గుడ్డతో తుడిచింది. ఏజెంటు పదో మానుఫిలి అయింది.

వెంటనే దాని గుర్తింపును సర్వీసుకు పంపారు. అది చూడవలసిన దృశ్యం. పుట్టినతేదీ, ఊరు, కుటుంబం, పేరు, అన్నీ సరిపోయాయి. అన్నీ అదే నింపుకుంది మరి. దీవిలో నూటికి నూరు మార్కులతో ధ్రువపడ్డ మొదటి వ్యక్తి అదే. విలేకరులు చప్పట్లు కొట్టారు.

మూడు గంటల యాభై నిమిషాలకు మోయెలాంగి మళ్ళీ తెర ముందు నిలబడింది. కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. లోసా టిక్కు పెట్టింది.

“ఏడో సీటు మానుఫిలి కుటుంబంలో ధ్రువపడిన సభ్యులకు ఇవ్వబడుతుంది,” అంది ఏజెంటు. “ధ్రువపడిన సభ్యులు ఒకరు. సీటు ఇవ్వబడింది.”

జాబితా అచ్చయి బయటికొచ్చింది. ఏడో పేరు మానుఫిలి తౌతువా. జబ్బు, గుండె కవాటం.

జాబితాలో పేరు మార్చే వీలుందా అని మంత్రిగారు తన కార్యదర్శిని చెవిలో అడిగారు. మార్చాలంటే ఏజెంటు తప్పు చేసిందని రాయాలని కార్యదర్శి కూడా చెవిలోనే చెప్పాడు. మంత్రిగారు గొంతు సవరించుకుని విలేకరుల వైపు తిరిగారు. విదేశీ చికిత్సకు ఎంపికైన ప్రపంచంలోనే తొలి డిజిటల్ అధికారి మన దీవినుంచే కావడం గర్వకారణమన్నారు.

మోయెలాంగి నేలమీద కూర్చుండిపోయింది. చెల్లెలు ఆమె వీపు నిమురుతోంది. మెట్లమీద తొమ్మిదిమందీ పేకలు కింద పెట్టేశారు.

అప్పుడు లోసా లేచింది. ఇరవై ఏడేళ్ళలో ఆమె ఒక మంత్రితో మాట్లాడడం అదే మొదలు.

“సార్, రోగి వెంట సహాయకురాలు వెళ్ళాలి కదండీ?”

“వెళ్ళాలి. నువ్వే కదమ్మా?”

“నాకు విమానమంటే కళ్ళు తిరుగుతాయండి. దారిలో ఎవరైనా నువ్వు రోబోవా అని దాన్ని అడిగితే టిక్కు పెట్టడానికి ఒక మనిషి ఉంటే చాలు. ఈ మోయెలాంగికి పాస్‌పోర్టు ఉంది, మనిషి ఖాళీగానే ఉంది, బుట్టలల్లే చెయ్యి, నిదానంగా పెడుతుంది.”

“ధ్రువీకరణో?”

“సహాయకులకు అక్కర్లేదండీ. రోగి పూచీ చాలు. రోగి కుటుంబ పెద్దేగా.”

మంత్రిగారు వాచీ చూసుకున్నారు. నాలుగుకు రెండు నిమిషాలు. సంతకం పెట్టారు. పెట్టెకు ప్రయాణ అనుమతిగా తన లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. దాన్ని నేనే రెండు జిరాక్సులు తీశాను. ఆ వెనకే లోసా మోయెలాంగి ఆస్పత్రి ఫైలు తెచ్చి, పెట్టె అట్టడబ్బాలో కిందన దూర్చింది. నేను చూడలేదు.

శుక్రవారం తొమ్మిదిమంది మానుఫిలులూ పదో మానుఫిలిని భుజాలమీద మోసుకెళ్ళి విమానాశ్రయానికి పోయే పడవ ఎక్కించారు.

ఆక్లండ్‌లో డాక్టర్లు పెట్టెను చూశారు, ఫైలు చూశారు, ఆయాసపడుతున్న మనిషిని చూశారు. ఎవరు రోగో తేల్చుకోవడానికి వాళ్ళకు సర్వీసు అవసరం పడలేదని చెల్లెలు ఫోన్లో విని నాకు చెప్పింది. వారం తర్వాత మంత్రిగారికి ఆస్పత్రి ఉత్తరం వచ్చింది. ఏడో రోగికి ఆపరేషన్ విజయవంతం, నెలరోజులు విశ్రాంతి. ఆయన దాన్ని పార్లమెంటులో చదివి వినిపించి, ఏజెంటుకు పూర్తి జీతంతో నెల సెలవు మంజూరు చేశారు.

ఆ నెల కౌంటరు మూతపడింది. లోసా తన కుర్చీ తెచ్చి నా కొట్టు ముందు వేసుకుంది. జనం వచ్చారు. మొహం చూసింది, “ఎవరి పిల్లవి?” అని అడిగింది, స్టాంపు వేసింది. నేను జిరాక్సులు తీశాను. నెలాఖరుకు ఎనిమిది వందల పదకొండు మంది తేలారు. అంతకుముందు నాలుగు నెలల్లో తేలినది ఒక్కరే, ఆ ఒక్కరూ ఎవరో మీకు తెలుసు. లెక్క రాజధానికి వెళ్ళింది. ఏ ఫారం మీదైనా పైన ఏజెంటు పేరే అచ్చయి ఉంటుంది కాబట్టి, మంచం మీద ఉండి కూడా ఇంత చేసిందని మంత్రిగారు చలించిపోయి, ఇంకో పన్నెండు ఏజెంట్లకు ఆర్డరు పెట్టారు.

నెల తిరిగాక పడవ వచ్చింది. రేవులో మళ్ళీ షామియానా, మళ్ళీ మైకు. తొమ్మిదిమందిలో ఎదురెళ్ళిన ఒకాయన పెట్టెను ఎత్తుకుని దిగాడు. చార్జరు ఆక్లండ్‌లో మరిచిపోయారట, తెర నల్లగా ఉంది. మోయెలాంగి అతని వెనకాల, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవకు వేసిన చెక్కపలక మీదుగా దిగింది.

మంత్రిగారు పెట్టెకు పూలదండ వేసి, వినయంగా వంగారు.

“ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందండీ?”

మైకు ఊళపెట్టి ఊరుకుంది. వెనకనుంచి మోయెలాంగి, “ఆయాసం పోయిందండీ,” అంది.

మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు.

“రాసుకోండి,” అన్నారు.