ఏడో నంబరు క్లిప్పు

ఆ రోజు పొద్దున పెట్టుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి టిఫిను, పదింటికి ఊరి బయట బొమ్మ విమానాల క్లబ్బు, సాయంత్రం ఇంటికి తిరుగు ప్రయాణం. పరాయి దేశంలో గడిపిన ఆరు రోజుల సెలవులో ఫోర్‌మన్ తనకోసం అడిగింది ఈ ఒక్క పూటే. మిగతా రోజులు కూతురు చూపించిన భవనాలన్నీ నోరు మూసుకుని చూశాడు.

ఫోర్‌మన్ అంటే రిటైరైన ఫోర్‌మన్. లేత్ మిషన్ల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. భార్య పోయాక మూడేళ్లు కూర్చుని, తేలిక కర్రతో చేతి పొడుగు విమానం ఒకటి చెక్కాడు. ఇంటి చుట్టూ కరెంటు తీగలు. ఎగరేసే చోటు లేదు. అది గాల్లోకి లేస్తుందో లేదో తేలాలంటే ఈ పూటే తేలాలి.

బావమరిది కూడా వెంట వచ్చాడు. ఫోనులో వీడియో తీయడానికి. ఎగిరేటప్పుడు కాదు, కూలేటప్పుడు.

"మా అక్కే ఉంటే నిన్నిలా తిరగనిచ్చేదా బావా?" అన్నాడు బస్సులో.

"ఉంటే నాకీ పని ఎందుకు పట్టేది? మాటలాపి ఆ తోక విరక్కుండా పట్టుకో."

క్లబ్బు అధ్యక్షుడు నిక్కరు తొడుక్కున్న ఒక పెద్దాయన. కూతురి ఉద్యోగమే దుబాసీ పని కాబట్టి ఆయన చెప్పిందల్లా వెంటవెంటనే తెలుగులోకి దింపింది. ముందు సభ్యులు, ఆఖర్న అతిథి. పన్నెండు కొట్టగానే అన్నీ ఆపేయాలి. పక్క ఇళ్లవాళ్లతో ఒప్పందం.

"మనది ఆఖర్నట నాన్నా."

"మరేం, నేను వాళ్ల చుట్టాన్నా?"

అప్పుడే ఫోర్‌మన్ ప్యాంటు జారింది. బెల్టు హోటలు మంచం మీద ఉండిపోయింది. క్లబ్బు షెడ్డు గోడకి ఒక చెక్క, దానికి బట్టల క్లిప్పులు పన్నెండు కనిపించాయి. ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాడు. పదకొండింటి స్ప్రింగులు పనికిరావని తేల్చాడు. మిగిలిన ఎర్ర క్లిప్పు పీకి, స్వెటరు కింద నడుము దగ్గర బిగించాడు. దాని మీద ఏడు అని రాసి ఉంది. అంకెతో అతనికి పనిలేదు.

మైదానంలో అందరికీ అంకెతోనే పని. అక్కడ విమానాన్ని కిందనుంచి నడిపే ప్రతి రేడియోకీ ఒక నంబరు. ఒకే నంబరు మీద ఇద్దరు రేడియోలు పెడితే గాల్లో ఉన్న విమానం కూలుతుంది. అందుకని నంబరు క్లిప్పు ఎవరి చేతిలో ఉంటే ఆకాశం వాళ్లది. అది చెక్క మీదికి తిరిగొచ్చేదాకా ఆ నంబరువాళ్లెవరూ మీట నొక్కకూడదు.

నిక్కరు పెద్దాయనది ఏడో నంబరు. వచ్చి చూస్తే క్లిప్పు లేదు. సభ్యులందర్నీ అడిగాడు. ఎవరూ తీయలేదు. అంటే ఎవడో దొంగతనంగా రేడియో పెట్టుకుని ఎక్కడో నక్కాడన్నమాట. విమానాలన్నీ కిందికి దింపించారు. కార్ల డిక్కీలు తెరిచారు. ఇద్దరు పొదలు కొట్టుకుంటూ వెళ్లారు. పదకొండున్నర అయింది. అప్పుడొకడు ఫోర్‌మన్ రేడియో ఉన్న పెట్టె వైపు వేలు చూపించాడు. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"నాన్నా, నీ రేడియోదీ ఏడో నంబరేనట. పెట్టావా అని అడుగుతున్నారు."

"బ్యాటరీలే వెయ్యలేదు. మూత తీసి చూసుకోమను."

"మరి ఎర్ర క్లిప్పొకటి పోయిందట. అది దొరికేదాకా ఎవర్నీ ఎగరెయ్యనివ్వరట. చూశావా?"

ఫోర్‌మన్ చెయ్యి స్వెటరు మీదికి వెళ్లి ఆగింది.

"ఏంటి బావా, కడుపునొప్పా?" బావమరిది ఫోను పైకెత్తాడు.

"నాన్నా! నీ దగ్గరుందా?"

"ఉంది. ఇవ్వను. ఇస్తే ప్యాంటు నిలవదు. ఆ సంగతి వాళ్లకి చెప్పకు."

పదేళ్ల దుబాసీ అలవాటు. విన్నదంతా విన్నట్టే చెప్పేసింది, "చెప్పకు" అన్నదాంతో సహా. ఇరవైమంది ఒకేసారి అతని నడుము వైపు చూశారు.

ఇక దాచేదేముంది? ఫోర్‌మన్ ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని, కుడిచేత్తో క్లిప్పు ఊడబీకి తల మీదికెత్తాడు.

"నేనే తీశాను. మీ చెక్క మీద క్లిప్పన్నది ఇదొక్కటే, మిగతావన్నీ చెత్త. చెప్పవే, ఇదీ చెప్పు!"

చెప్పింది. పెద్దాయన చెక్క దగ్గరికి నడిచి, మిగతా పదకొండూ నొక్కి చూశాడు. తిరిగొచ్చి ఏదో అన్నాడు. కూతురు నోరెళ్లబెట్టింది.

"స్ప్రింగుల గురించి నువ్వన్నది నిజమేనట. క్లిప్పింకా నీ చేతిలోనే ఉంది కాబట్టి ఏడో నంబరు ఆకాశం నీదేనట నాన్నా. రూలు రాసింది ఆయనేనట, తప్పలేడట. తొందరగా ఎగరెయ్యమంటున్నారు."

ఎగరేసేటప్పుడు క్లిప్పు రేడియో కడ్డీకి తగిలించాలి. రేడియోకి రెండు చేతులూ కావాలి. ఫోర్‌మన్ బావమరిది వైపు తిరిగాడు.

"ఫోను జేబులో పెట్టి ఇలా రా."

"నేనా? అందరూ చూస్తున్నారు బావా!"

"చూడనీ. పట్టుకో."

విమానం గడ్డి మీద పరుగెత్తింది, తడబడింది, లేచింది. నాలుగు నిమిషాలు తిరిగింది. ఫోర్‌మన్ ఎటు తిరిగితే అటు, రెండు చేతులా నడుము పట్టుకుని బావమరిదీ తిరిగాడు. పన్నెండుకి రెండు నిమిషాల ముందు చక్రాలు నేలకి తాకాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. ఫోర్‌మన్ అటు చూడలేదు. రెక్క వంగిందేమోనని చూసుకుంటున్నాడు.

క్లబ్బు పుస్తకంలో ప్రతి విమానానికీ సహాయకుడెవరు, ఏం పట్టుకున్నాడు అని రెండు గళ్లున్నాయి. పెద్దాయన రెండో గడిలో "ప్యాంటు" అని రాసి, బావమరిది చేత సంతకం పెట్టించుకున్నాడు.